రెండు ఈలలు

నా నోరు మంచిది కాదని మా డిపోలో అందరికీ ఒక అభిప్రాయం ఉంది. ఉండనివ్వండి. ఇన్నేళ్ళుగా కిక్కిరిసిన బస్సులో "లోపలికి జరగండి, మధ్యలో ఖాళీ ఉంది" అని అరిచిన కండక్టరు నోరు గుసగుసలాడమంటే ఆడుతుందా? నా వెనకాల నన్ను ‘సైరన్’ అంటారు. నా తమ్ముణ్ణి మాత్రం ముఖం మీదే ‘గడియారం’ అంటారు. వాడు డ్రైవరు. స్టాపుకి ఆలస్యంగా చేరడం ఎంత తప్పో ముందుగా చేరడం కూడా అంత తప్పని నమ్మే మనిషి. ఎప్పుడైనా ముందే చేరితే ఇంజను ఆపేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, టైమయ్యే దాకా రాయిలా కూర్చుంటాడు. "పోనివ్వవయ్యా బాబూ" అని జనం తిట్టిపోసినా వాడిది ఒకటే మాట. "టైమ్ చూసుకుని వచ్చేవాళ్ళు ఇంకా దారిలో ఉంటారు. వాళ్ళ బస్సుని నేనెలా లాక్కుపోతాను?"

ఇప్పుడు నేను చెప్పబోయేది వాడి గురించి కాదు, వాడి పెళ్ళాం గురించి. మా మరదలు కూడా డ్రైవరే. ఆమె బండికి తొమ్మిదేళ్ళు నేనే కండక్టర్ని. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. మా ఇంట్లో ఆ సామెత చాలదు. రోజంతా ఆమె నా ఈలకి ఆగేది, నా ఈలకి కదిలేది. అంత మాట వినే భాగ్యం మా తమ్ముడికి కూడా దక్కలేదు.

ఈల సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత అవసరం పడుతుంది. ఒక ఈల ఊదితే బండి ఆగాలి. రెండు ఊదితే కదలాలి. నోట్లో ఈల లేకపోతే బండి రేకు మీద అరచేత్తో కొట్టినా అదే లెక్క, ఒక దెబ్బకి ఆగు, రెండు దెబ్బలకి పో. ఆ రెండో సంకేతాన్నే ‘రైట్’ అంటాం, కండక్టరు అది ఇవ్వందే మంచి డ్రైవరు చక్రం కదపడు. ఇది ఒంట్లోకి ఎంత ఇంకిపోతుందంటే, ఇంట్లో కుక్కరు ఒక్క కూత వేస్తే చాలు, కూరగాయలు తరుగుతున్న మా మరదలి కుడికాలు నేలని నొక్కేది. అది చూసి మేము పడీ పడీ నవ్వేవాళ్ళం.

పోయిన చలికాలం ఆమెకి ఊపిరితిత్తుల జబ్బు చేసింది. జ్వరమే కదా అనుకున్నాం. అనుకుంటూ ఉండగానే ఆసుపత్రి, ముక్కుకి గొట్టం, మంచం పక్కన కూతపెట్టే యంత్రం. నా తమ్ముడు ఆ మంచం పక్కన ఇనప స్టూలు మీద కూర్చుని ఆమె ఊపిరి వింటూ ఉండేవాడు. విని ఊరుకునేవాడు కాదు. ఆమె పీలిస్తే వాడూ పీల్చేవాడు, ఆమె వదిలితే వాడూ వదిలేవాడు. వాడు పీల్చకపోతే ఆమెకి ఆగిపోతుందేమో అన్నట్టు ఉండేది చూస్తే.

దేవుడి దయవల్ల మనిషి బతికి ఇంటికొచ్చింది. వాడు మాత్రం ఆ స్టూలు మీంచి లేవలేదు. ఆమె మెట్లెక్కుతుంటే వెనకే వెళ్ళి "ఆయాసమా?" అనేవాడు. బట్టలు ఆరేస్తుంటే "ఆయాసమా?". నవ్వితే కూడా "నెమ్మదిగా నవ్వు, ఆయాసమొస్తుంది". ఒకరోజు ఆమె నాతో అంది, "జబ్బు నాకొచ్చింది, తగ్గింది వదినా. ఆయనకొచ్చిందే తగ్గడం లేదు."

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర అసలు విషయం బయటపడింది. డిపో వాళ్ళు తేల్చి చెప్పమన్నారు. ఒంట్లో బాగుంటే స్టీరింగు ఎక్కాలి. లేదంటే టికెట్ల గదిలో కుర్చీ ఉద్యోగానికి ఒప్పుకోవాలి. కుర్చీకి ఒకసారి ఒప్పుకుంటే మళ్ళీ స్టీరింగు మీద చెయ్యి వెయ్యనివ్వరు, అది మా దగ్గర రూలు.

"డాక్టరు బాగుందన్నాడు. వచ్చే నెల బండెక్కుతాను" అంది మరదలు.

తమ్ముడు కంచంలోంచి తలెత్తలేదు. "టికెట్ల గదిలో ఫ్యానుంది, కుర్చీ ఉంది. హాయిగా కూర్చో."

"ఫ్యాను కింద కూర్చోడానికా నేను లైసెన్సు తెచ్చుకుంది?"

"డాక్టరు గదిలో రెండుసార్లు ఊపిరి పీల్చి చూపిస్తే అయిపోయిందా? నిండు బస్సు వెనకేసుకుని వంతెన మీద ఉంటావు. అక్కడ ఊపిరాడకపోతే?"

నేను ఊరుకుంటానా? "నీకు వంతెన మీద తుమ్మొస్తేనో? అయితే నువ్వు కూడా దిగి ఆ ఫ్యాను కింద కూర్చో" అన్నాను.

అంతే, వాడికి మండింది. కిటికీలోంచి వీధి చివరికి చెయ్యి చూపించాడు. అక్కడ ఆగి ఉన్న బస్సు వెనక పెద్ద ప్రకటన. ఊళ్ళో జరగబోయే హాఫ్ మారథాన్‌ది. ఇరవై ఒక్క కిలోమీటర్లు, మూడు గంటల గడువు.

"సరే. అది పరుగెత్తు. గడువులోపల పూర్తి చెయ్యి. చేశావంటే ఈ విషయంలో ఇక నేను నోరు విప్పను. చెయ్యలేకపోతే మారు మాట్లాడకుండా టికెట్ల గదికి వెళ్ళాలి."

కోపంలో అన్నాడని నాకు తెలుసు. మా ఇంటావంటా పరుగు లేదు. బస్సు వెళ్ళిపోతున్నా పరుగెత్తని వంశం మాది, ఇంకోటి వస్తుందిలే అని నిలబడతాం. కానీ మరదలు చెయ్యి కడుక్కొచ్చి వాడి ఎదురుగా నిలబడింది.

"మాట మీద ఉంటారా?"

"నేను టైమ్ ఎప్పుడు తప్పాను, మాట తప్పడానికి?"

వాడి అనుమతి ఏమిటి, ఆమె ఏమైనా పాలు తాగే పిల్లా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది, అడిగాను కూడా. ఆమె చెప్పిన జవాబు ఇది. "ఆయన్ని కాదని వెళ్ళి ఎక్కగలను వదినా. కానీ ఇంట్లో ఒక మనిషి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటే, ఆ భయం నా పక్కసీట్లో వచ్చి కూర్చుంటుంది. దాన్ని మోస్తూ అంతమందిని నేనెలా తిప్పను? ఆ భయం దిగాలి. ముందు ఆయన దగ్గర్నుంచి దిగాలి."

పందెం అయ్యేదాకా డిపోలో గడువు అడిగి తెచ్చుకుంది. అలా మొదలైంది. తెల్లవారుజామున బళ్ళు బయటకి వెళ్ళక ముందు మా డిపో ఆవరణ చుట్టూ తిరగడం. మొదటి రోజు గేటు నుంచి డీజిలు బంకు దాకా పరుగెత్తి, పాత టైరు మీద కూలబడింది. నేను పక్క టైరు మీద కూర్చుని, "బాగుంది, ఇదే ఊపులో వెళ్తే వచ్చే ఏడాది ఇదే రోజుకి పూర్తి చేస్తావు" అన్నాను. మెకానిక్కులు కింద పడుకుని బండి కింద నుంచే వెక్కిరించేవాళ్ళు. "అక్కా, ఇదేదో కొత్త సర్వీసా? ఏ రూటు?" అని. ఆసుపత్రి వాళ్ళు ఊపిరి కసరత్తుకి ఇచ్చిన గొట్టం ఒకటి ఉండేది, అందులో మూడు బంతులు. గట్టిగా ఊపిరి లోపలికి లాగితే ఒక్కొక్కటే పైకి లేస్తాయి. రోజూ ఆవరణ తిరిగొచ్చి అది లాగేది. మూడో బంతి లేచిన నాడు నేను ఎగిరి గంతేశాను. నాతో పాటు మెకానిక్కులూ చప్పట్లు కొట్టారు. వెక్కిరింతలు అప్పటితో ఆగిపోయాయి.

అయినా నిజం చెప్పుకోవాలి. పందెం దగ్గర పడే వేళకి కూడా ఆమె ఒక్కసారైనా మొత్తం దూరం పరుగెత్తలేదు. ఎప్పుడు చూసినా చివరి నాలుగైదు కిలోమీటర్లు మిగిలిపోయేవి. పైగా దారి చివర్లో వంతెన. అదే వంతెన.

గోరుచుట్టు మీద రోకటి పోటు అన్నట్టు, పందేనికి వారం ముందు ఇంకోటి తెలిసింది.

ఆ పందెంలో అందరికంటే వెనక మా డిపో బస్సు ఒకటి వెళ్తుంది. మేం దాన్ని ‘తోక బండి’ అంటాం. పందెం నడిపేవాళ్ళు ఒక కాగితం ఇస్తారు, ఏ మలుపు దగ్గర ఏ టైముకి ఉండాలో. బస్సు ఆ లెక్కన నెమ్మదిగా పాకుతూ వెళ్తుంది. ఎవరిని బస్సు దాటేస్తుందో వాళ్ళకి పందెం అయిపోయినట్టే. కండక్టరు దిగి, వాళ్ళ ఛాతీ మీద నంబరు గుడ్డని కత్తెరతో కత్తిరించి బస్సెక్కించాలి. పోయినేడాది ఆ పని చేసింది నేనే. అప్పటి డ్రైవరుకి ఇంటికి తొందర. కాగితాన్ని పక్కన పడేసి బండి ముందుకి లాగించేశాడు, ఇంకా బోలెడు టైమున్న వాళ్ళని కూడా దాటేశాడు. "ఇంకా టైముందండీ" అని ఒకావిడ ఏడుస్తుంటే నంబరు కత్తిరించాను. ఇంటికొచ్చి దాన్ని పెద్ద తమాషాలా చెప్పాను. అందరూ నవ్వారు. తమ్ముడు నవ్వలేదు. వాడు మామూలుగానే ఎక్కువ నవ్వడు కదా అని నేను పట్టించుకోలేదు.

ఈసారీ తోక బండికి నన్నే కండక్టరుగా వేశారు. గొంతుందిగా. బోర్డు మీద నా పేరు పక్కన డ్రైవరు పేరు చూసి నాకు కళ్ళు తిరిగాయి. నా తమ్ముడు! బోర్డు రాసే ఆయన్ని నిలదీస్తే, "నేను వెయ్యలేదమ్మా తల్లీ. తనే వచ్చి అడిగాడు. వారపు సెలవు కూడా వదులుకున్నాడు" అన్నాడు.

ఇంట్లో అగ్గి రాజుకుంది. తమ్ముడు గడప దగ్గర కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నాడు. మరదలు వచ్చి నిలబడింది.

"నన్నెక్కించుకుపోడానికి వస్తున్నారా?"

"డ్యూటీ పడింది."

"పడలేదు. అడిగి వేయించుకున్నారు. ఎందుకు?"

"బండి ఎవరో ఒకరు నడపాలి కదా."

"నేను పడిపోతానని అంత నమ్మకమా మీకు?"

వాడు బూటుని ఇంకా గట్టిగా రుద్దాడు. ఆ తర్వాత పందెం రోజు దాకా ఆమె వాడితో మాట్లాడలేదు. పెళ్ళాం ఓడిపోతే చూడాలని సెలవు వదులుకుని వచ్చే మొగుడు ఉంటాడా అని నాకు ఒళ్ళు మండింది. మళ్ళీ నాలోనే ఇంకో ఆశ. ఒకవేళ వెనక నుంచి కాస్త సాయం చేద్దామని వస్తున్నాడేమో! పెరట్లో వాణ్ణి ఒంటరిగా పట్టుకుని, "ఒరేయ్, అవసరమైతే కొంచెం బ్రేకు మీద కాలు పెట్టి..." అన్నాను.

వాడు నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "బండి టైముకి నడుస్తుంది అక్కా" అని లోపలికి వెళ్ళిపోయాడు.

పందెం రోజు పొద్దున్నే జనం జాతరలా ఉన్నారు. మా బండి అందరి వెనకాల. స్టీరింగు పైన అద్దానికి టైముల కాగితం అంటించి ఉంది. నా టికెట్ల సంచిలో ఆ రోజు టికెట్లు లేవు, చిన్న కత్తెర ఉంది. దాన్ని తాకినప్పుడల్లా చేతికి చల్లగా తగిలేది. అక్కడ ముందు ఎక్కడో, వేలమందిలో మా మరదలు. పాత నీలం యూనిఫాం చొక్కా వేసుకుని, జనంలో కలిసే ముందు మా బండి పక్క నుంచే వెళ్ళింది. వాడి వైపు చూడలేదు. నా వైపు చూసి తలూపింది.

సగం దారి దాకా ఆమె మాకు కనిపించలేదు. అదే మంచి కబురు. మొదట ఎక్కింది ఒక లెక్కల మాస్టారు. మోకాలు పట్టేసి, మొదట్లోనే చేతులెత్తేశాడు. నేను నంబరు కత్తిరిస్తుంటే, "ప్చ్, అనుకున్నదే" అని నవ్వి ముందు సీట్లో కూర్చున్నాడు. కాలు ఆగింది కానీ నోరు ఆగలేదు. ముందు పరుగెత్తేవాళ్ళందరి వేగమూ లెక్కలు కట్టి ఎవరు ఎక్కడ ఎక్కుతారో చెప్పడం మొదలెట్టాడు. చెప్పినట్టే ఎక్కుతున్నారు కూడా. బస్సు సగం నిండింది.

ఊరి బయట తిన్నని రోడ్డు మీదకి రాగానే, దూరంగా నీలం చొక్కా కనిపించింది. మామూలుగా మనవాళ్ళు కనిపిస్తే సంతోషిస్తాం. ఆ రోజు ఆ చొక్కా ఎంత స్పష్టంగా కనిపిస్తే ఆమె మా బండికి అంత దొరికిపోతున్నట్టు. ముందు రంగు కనిపించింది. తర్వాత వీపు మీద చెమట మరక. తర్వాత ఎడమ భుజం పైకి ఎగరేస్తూ పరుగెత్తడం. అలసిపోతే ఆమె భుజం అలా లేస్తుంది.

తమ్ముడు పక్క అద్దం పూర్తిగా దించాడు. ఎందుకో మొదట అర్థం కాలేదు. తర్వాత నాకూ వినిపించింది. ఇంజను రొద మధ్యలో ఆమె రొప్పు. వాడి ముఖం పై అద్దంలో నాకు కనిపిస్తోంది. పెదవులు కొంచెం తెరుచుకుని, మూసుకుని, మళ్ళీ తెరుచుకుని. ఇనప స్టూలు మీద కూర్చున్నప్పటి లాగే.

"ఆ నీలం చొక్కా ఆవిడ ఉంది చూశారూ" అన్నాడు మాస్టారు. "ఆవిడ వంతెన మీద మనకి దొరుకుతుంది."

"మాస్టారూ, ఇవాళ బడికి సెలవు. మీ నోటికి కూడా ఇవ్వండి."

"లెక్క చెప్పానమ్మా, అంతే."

"ఆ లెక్క మా మరదలు. ఈ డ్రైవరు పెళ్ళాం."

మాస్టారు గబుక్కున వాడి వైపు తిరిగి చూశాడు. తర్వాత కిటికీలోంచి సగం బయటకి వంగి, "అమ్మా! చేతులు ఊపండి! చేతులు ఊపితే కాళ్ళు వాటంతట అవే వస్తాయి!" అని అరవడం మొదలుపెట్టాడు. మోకాలు పట్టేసిన మనిషి సలహా. అయినా ఆమె చేతులు ఊపింది.

వంతెన ఎక్కుడు మొదలైంది. ముందు వంతెన, వెనక బండి. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో ఆమె వీపు చూస్తే తెలిసింది. మాకూ ఆమెకీ మధ్య రెండు బస్సులు పట్టేంత చోటుంది. ఆమె పరుగు నడకలా ఉంది కానీ ఆగడం లేదు. నాకు తిట్లు వస్తున్నాయి. వంతెన కట్టినవాణ్ణి తిట్టాను, పందెం పెట్టినవాణ్ణి తిట్టాను, కంచం ముందు కూర్చుని పందెం కాసిన నా తమ్ముణ్ణి తిట్టాను. వాడు వాచీ చూసుకున్నాడు, కాగితం చూశాడు, రోడ్డు చూశాడు. బండి వేగం వెంట్రుకవాసి కూడా మారలేదు.

వంతెన పైకి చేరుతుండగా, బస్సు పక్కనే ఒక పెద్దాయన రెయిలింగు పట్టుకుని ఒరిగిపోయి చెయ్యెత్తాడు. ఇక నా వల్ల కాదు అన్నట్టు. నేను ఈల నోట్లో పెట్టుకుని ఒకసారి ఊదాను.

బండి ఆగింది.

తలుపు తీసి దిగుతూ ముందుకి చూశాను. మా మరదలు కూడా ఆగి ఉంది.

ఆగాలని ఆగలేదు. నా ఒక్క ఈలకి తొమ్మిదేళ్ళు బ్రేకు తొక్కిన కాలు అది. ఆ అలసటలో బుర్ర ఎక్కడో ఉంది, కాలు మాత్రం నా మాట విన్నది. ఆగింది, ఆగాక తెలిసింది, తెలిశాక కదలబోయింది. అప్పటికి పిక్క పట్టేసింది. ఒక్క అడుగు వేసి కీచుమని అరిచి రెయిలింగు మీద పడింది.

అయ్యో, నా చేతులు విరిగిపోను! ఊరంతా వినిపించే నోరు పెట్టుకుని "ఆపరా" అని అరిస్తే సరిపోయేది కదా. ఈల ఎందుకు ఊదాను? పెద్దాయన్ని ఎక్కించాను. ముందుకే చూస్తూ నంబరు కత్తిరిస్తే గుడ్డ అడ్డంగా చిరిగింది. ఆయన సీట్లో కూర్చున్నాడు. తలుపు వేశాను. ఇక నేను రెండు ఈలలు ఊదాలి. ఊదితే బండి కదులుతుంది, నాలుగు ఊపిరులు తీసేలోపు ఆమెని దాటేస్తుంది. తర్వాత ఆమె చొక్కా మీద నంబరు కత్తిరించాల్సింది నేనే.

"అక్కా, రైట్" అన్నాడు తమ్ముడు.

నేను ఈల నోట్లోంచి తీసేశాను.

"అక్కా. టైమ్ పోతోంది."

"పోనీ."

"రైట్ ఇవ్వక్కా."

"ఇవ్వను. ఏం చేస్తావో చేసుకో."

వాడు ఏమీ చెయ్యడని నాకు తెలుసు. రైట్ లేకుండా బండి కదిపిన రోజు వాడి జీవితంలో లేదు. వాడి చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి. నా వైపు తిరగలేదు. మాస్టారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. నాకు ఏడుపొస్తోంది. తప్పే చేస్తున్నానని తెలుసు, చేస్తూనే ఉన్నాను. ఆమె గెలవాలి. నా ఈల వల్ల ఆమె ఓడిపోకూడదు.

అక్కడ ఆమె ఫుట్‌పాత్ అంచు మీద మడమ ఆనించి, వంగి బూటు ముక్కుని తనవైపు లాక్కుంటోంది. రోజంతా పెడళ్ళు తొక్కి తొక్కి కాలు పట్టేసినప్పుడు డ్రైవర్లందరూ చేసేది అదే. ఒకసారి లాగింది, రెండోసారి లాగింది. తలెత్తి వెనక్కి చూసింది. కదలకుండా నిలబడ్డ బండిని చూసింది, తలుపు దగ్గర చేతిలో ఈల పట్టుకుని నిలబడ్డ నన్ను చూసింది. విషయం అర్థమైంది. ఆమె ముఖంలో అంత కోపం తొమ్మిదేళ్ళలో నేను చూడలేదు.

"వదినా! రైట్ ఇవ్వు!"

"నీ కాలు..."

"నా కాలు సంగతి నేను చూసుకుంటా! దొంగ టైమ్ నాకొద్దు! రేపు స్టీరింగు ముందు కూర్చుంటే ఇదే గుర్తొస్తుంది నాకు! రైట్ ఇవ్వు!"

ఆ అరుపుకి నా నోరు, ఈ డిపో మొత్తాన్ని భయపెట్టే నా నోరు, మూతపడింది. ఈల పెట్టుకున్నాను. రెండుసార్లు ఊదాను. ఊపిరంతా పెట్టి ఊదాను.

బండి కదిలింది. ఆమె కూడా కదిలింది.

ఒక ఈలకి ఆగిన కాలు రెండు ఈలలకి లేచింది. కుంటుకుంటూనే. మొదటి నాలుగడుగులు చూస్తే ఇప్పుడే పడిపోతుంది అనిపించింది. బండి ముక్కు ఆమె వీపుకి చెయ్యి చాస్తే అందేంత దగ్గరికి వచ్చింది. తమ్ముడు ఆపలేదు, తగ్గించలేదు. వంతెన దిగుడు మొదలయ్యాక ఆమె అడుగు కొంచెం సాగింది. ఒక చెయ్యి పట్టేంత దూరం కాస్తా మనిషి పట్టేంతయింది.

అప్పుడు వాడన్నాడు, "నువ్వు నిలబెట్టిన టైమ్ కలపాలి అక్కా."

"ఏమిటీ?"

"లేటయ్యాం. చివరికి టైముకి చేరాలంటే కొంచెం పెంచాలి."

"ఒరేయ్, నువ్వు మనిషివేనా!"

వాడు తల బయటకి పెట్టి, పందెం మొదలయ్యాక మొదటిసారి ఆమెతో మాట్లాడాడు. "లేటు కలుపుతున్నా!"

ఆమె వెనక్కి తిరగలేదు. చెయ్యి పైకెత్తింది. "కలపండి!"

ఇక ఆ చివరి రోడ్డు ఎలా గడిచిందో నన్నడక్కండి. బండి పెరిగింది, ఆమె పెరిగింది. బండి దగ్గరైంది, ఆమె దూరమైంది, మళ్ళీ బండి దగ్గరైంది. బస్సులో ఉన్న ఓడిపోయినవాళ్ళందరూ లేచి నిలబడి కిటికీల్లోంచి అరుస్తున్నారు. అలసిపోయి ఎక్కిన పెద్దాయన సీటు కమ్మీ మీద దరువేస్తున్నాడు. మాస్టారు లెక్కలు మర్చిపోయి "అయ్యబాబోయ్, అయ్యబాబోయ్" అంటున్నాడు. నేను డ్రైవరు సీటు వెనక కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. తమ్ముడి ఊపిరి నాకు వినిపిస్తోంది. ఆమె రొప్పుతో పాటే అది కూడా రొప్పుతోంది, పరుగెత్తుతున్నది వాడే అన్నట్టు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

దూరంగా కమాను, దాని మీద పెద్ద గడియారం. అంకెలు మారుతున్నాయి. ఆమె దాని కిందికి వెళ్ళింది. గీత దాటింది. దాటి మోకాళ్ళ మీద పడింది.

బండి వచ్చి గీత దగ్గర ఆగింది. తలెత్తి చూస్తే కమాను మీది గడియారంలో గడువు మూడు గంటలూ సరిగ్గా అప్పుడే నిండాయి.

నేను సంతోషించాలి కదా. ముందు కోపమొచ్చింది. డ్రైవరు సీటు దగ్గరికి వెళ్ళి వాడి భుజం మీద ఒక్కటిచ్చాను. "గుండెనా అది, బండరాయా? పెళ్ళాం వీపు మీద బంపరు పెట్టి తోలతావా? దీని కోసమా సెలవు వదులుకుని మరీ వచ్చింది?"

వాడు స్టీరింగు మీద తల ఆనించాడు.

"పోయినేడాది నువ్వే చెప్పావు కదక్కా. ఆ డ్రైవరు తొందరపడి ముందే లాగించేశాడని. ఇంకా టైముందని ఒకావిడ ఏడ్చిందని. ఈసారీ వాడికే వెయ్యబోయారు డ్యూటీ." అద్దం మీంచి టైముల కాగితం ఊడదీశాడు. "దీనికి రావాల్సిన టైములో ఒక్క నిమిషం కూడా ఎవడూ తినకూడదు. అందుకే అడిగాను."

నా చెయ్యి వాడి భుజం మీదే ఉండిపోయింది. "మరి ఆ రోజు అది అడిగినప్పుడు చెప్పి ఏడవొచ్చుగా" అన్నాను.

"ఏమని చెప్పను? నీ వైపే ఉన్నానని చెప్పనా? పూర్తిగా లేనుగా. గెలవాలని ఉంది. గెలిస్తే మళ్ళీ బండెక్కుతుందని భయంగా ఉంది. రెండూ ఉన్నాయక్కా. నా వల్ల అయ్యింది ఒకటే, బండి టైముకి నడపడం."

మరదలు మెడలో పతకంతో, కుంటుకుంటూ డ్రైవరు కిటికీ కిందికి వచ్చింది. ఈ మాటలు ఎంతవరకు విన్నదో నాకు తెలియదు. తలెత్తి వాణ్ణి అడిగింది. "ఒక్క నిమిషమైనా వదిలేశారా నాకు?"

"లేదు."

"నిజంగా?"

"నిజంగా."

ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రొప్పు ఆగడం లేదు, భుజాలు ఎగిరి పడుతున్నాయి. వాడు కిటికీలోంచి వంగి ఆ రొప్పునే చూస్తున్నాడు. ఇక అడుగుతాడు అనుకున్నాను, ఆయాసమా అని. వాడు కిటికీలోంచి చెయ్యి చాపి ఆమె తల మీద పెట్టాడు.

"తగ్గుతుందిలే" అన్నాడు.

జబ్బు చేసిన దగ్గర్నుంచి వాడి నోట ఆ మాట నేను విననేలేదు. నేను పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. మాస్టారు చూసి, పాపం, కిటికీ వైపు తిరిగాడు.

ఆ తర్వాతి నెల మొదటి ట్రిప్పు. డిపోలో బండి పొగలు వదులుతోంది. మరదలు సీటు ముందుకి జరుపుకుని, అద్దం సరిచేసుకుంది. వెనక నేను, మెడలో ఈల. ఆ రోజు తమ్ముడికి వారపు సెలవు. అయినా గేటు పక్కన వచ్చి నిలబడ్డాడు. ఈ విషయంలో నోరు విప్పనన్నవాడు నిజంగానే విప్పలేదు. ఆ నెలంతా ఒక్క మాట లేదు. పొద్దున ఆమె గడప దాటుతుంటే కనీసం ‘జాగ్రత్త’ అని కూడా అనలేదు. ముఖం మాత్రం పాలిపోయి ఉంది. భయం ఎక్కడికీ పోలేదు, పళ్ళ బిగువున పట్టుకుని నిలబడ్డాడంతే.

టైమయింది. ఈల నోట్లో పెట్టుకున్నాను. ఊదబోతే గాలి రాలేదు. సైరన్‌కి శబ్దం రావడం లేదు! ఆమె అద్దంలోంచి నన్ను చూస్తూ ఎదురుచూస్తోంది. రైట్ ఇవ్వందే ఆమె మాత్రం ఎలా కదుపుతుంది?

తమ్ముడు వాచీ చూసుకున్నాడు. నన్ను చూశాడు. నాలుగడుగులు ముందుకొచ్చాడు. నోరు విప్పలేదు. అరచెయ్యి ఎత్తి బండి రేకు మీద కొట్టాడు. ఒకటి. కొంచెం ఆగి, రెండు.

బండి కదిలింది.